బెజ్జం లేని కాయలు

మా కావలి పచారీ కొట్లలో మాచికాయ అని ఒకటి అమ్మేవాళ్ళు. రేగుపండంత ఉండేది. బూడిదరంగు, పైన చిన్న బొడిపెలు, రాయిలా గట్టి. మా నానమ్మ దాన్ని సానమీద అరగదీసి పసిపిల్లల నోటిపూతకి రాసేది. నన్ను కొట్టుకి పంపేటప్పుడు ఒక్కటే జాగ్రత్త చెప్పేది: "బెజ్జం లేనివి ఏరుకోరా. బెజ్జం పడిందంటే సారం పోయినట్టే."

అది ఏ చెట్టుకి కాస్తుందని నేనెప్పుడూ అడగలేదు. వంకాయలు ఏరినట్టు ఏరి తెచ్చేవాణ్ణి.

ఈ జులై చివర్లో ఫ్రీమాంట్ నుంచి ఆరెగన్ దాకా కారులో వెళ్ళి నాలుగు రోజుల్లో తిరిగొచ్చాను. దారి పొడుగునా ఓక్ చెట్లు. చూడనివాళ్ళకి చెప్పదగ్గవి కొన్ని ఉన్నాయి, చెప్తాను. కానీ నేను వెళ్ళింది చెట్లు చూడ్డానికి కాదు. రెండేళ్ళుగా అక్కడ ఒంటరిగా ఉంటున్న నా భార్య సునందని ఇంటికి రమ్మని అడగడానికి. అడిగేముందు ఒక అబద్ధం ఒప్పుకోవడానికి.

ఫ్రీమాంట్: నలభై ఒక్క సీసాలు

సునందది అనంతపురం. జువాలజీలో ఎమ్మెస్సీ. ఒకే యూనివర్సిటీలో చదివాం కాబట్టి మొదట్నించీ ఒకరినొకరు "నువ్వు" అనే పిలుచుకున్నాం. మాకు పిల్లల్లేరు. నా హెచ్-వన్ వీసా మీద డిపెండెంట్‌గా వచ్చి పదకొండేళ్ళు ఉద్యోగం చేసే వీల్లేకుండా ఇంట్లో ఉంది. ఒకరోజు వాకింగ్‌కి వెళ్ళి టెన్నిస్ బంతంత గోధుమరంగు ఉండ ఒకటి పట్టుకొచ్చింది.

"చూడు, మాచికాయ! వేరే జాతి, కానీ మన మాచికాయకి అక్కే."

నేను కాల్‌లో ఉన్నాను. మ్యూట్‌లో పెట్టి, "చేతులు కడుక్కో" అన్నాను.

తర్వాత ఒక్కొక్కటే సీసాలొచ్చాయి. ఖాళీ ఊరగాయ సీసాలు కడిగి, ఒక్కోదాంట్లో ఒక్కో ఉండ వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, తేదీ, చెట్టు ఉన్న చోటు చీటీ మీద రాసి అంటించేది. తూర్పు గదిలో అలమరా నిండింది. రోజూ పొద్దున్నే ఒక్కోటీ తీసి వెలుగులో పెట్టి చూసేది. "దేనికి చూస్తున్నావ్?" అని ఒకసారి అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది. నా ఫోన్ మోగింది. ఆ జవాబు నేను వినలేదు. తర్వాత అడగనూ లేదు.

అద్దెకుంటున్న ఆ ఇల్లే కొన్న ఏడాది సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. తూర్పు గదిలోనే మండపం. పూజ చేసే చోట పురుగు పట్టిన కాయలేంటని నాకు చిరాకు. ముందురోజు సునంద ఇండియన్ స్టోర్‌కి వెళ్ళినప్పుడు నలభై ఒక్క సీసాలూ ఇంటి వెనక ఆకులూ చెత్తా వేసే గ్రీన్ బిన్‌లో దులిపేశాను. సీసాలు కడిగాను. వాటిల్లోనే వచ్చినవాళ్ళకి ప్రసాదం పెట్టి పంపించాం.

అలమరా ముందు నిలబడి సునంద అడిగింది. "ఏవీ?"

వారానికోసారి ఇల్లు శుభ్రం చేయడానికి రోసా అని ఒకావిడ వచ్చేది, నాలుగేళ్ళుగా. "రోసా పారేసిందేమో" అన్నాను. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకింకా గుర్తుంది. ఆ మాట నిలబడాలి కదా. మర్నాడు రోసాకి ఇక రావద్దని మెసేజ్ పెట్టాను. కారణం రాయలేదు.

రెండేళ్ళ తర్వాత సునందకి వర్క్ పర్మిట్ వచ్చింది. ఆరెగన్‌లో ఓక్ అడవులు బాగుచేసేవాళ్ళ దగ్గర పని దొరికింది. ఆర్నెల్లే అంది. ఆర్నెల్లు రెండేళ్ళయింది. ఈ జూన్‌లో మెసేజ్ వచ్చింది: "ఇక్కడే పర్మనెంట్ చేశారు. నా పుస్తకాల పెట్టె పంపించు."

"నేనే తెస్తాను" అని రాశాను. ఒక రోజంతా చూశాక, "సరే" అని వచ్చింది.

పెట్టె ఒక్కటీ పట్టుకెళ్ళాలంటే చేతులు బోసిగా అనిపించాయి. పారేసినవి నలభై ఒకటి. దారిలో నలభై ఒకటీ ఏరి, తీసుకెళ్ళి ఆమె ముందు పెడదామనుకున్నాను.

సునోల్: కొండ మీద మొదటి తప్పు

ఫ్రీమాంట్ దాటి అరగంటలో సునోల్ కొండలు. వేసవిలో గడ్డంతా ఎండి సింహం జూలు రంగులో ఉంటుంది, దాని మీద అక్కడక్కడా నల్లపచ్చగా ఓక్ చెట్లు. పదమూడేళ్ళుగా ఆ కొండల కింద నుంచే ఆఫీస్‌కి డ్రైవ్ చేశాను. ఒక్కసారీ పైకి ఎక్కలేదు.

దగ్గరికెళ్ళి చూస్తే కొమ్మల నిండా ఉండలు. కొన్ని కమలాపండంత. ఎండ తగిలే వైపు మామిడి బుగ్గలా ఎర్రడాలు, నీడవైపు లేత పసుపు. పోయినేటివి కాబోలు కొన్ని నల్లబడి, బెజ్జాలు పడి వేలాడుతున్నాయి. వాటిని వదిలేశాను. నానమ్మ మాట ప్రకారం నున్నగా, నిండుగా, ఒక్క బెజ్జం కూడా లేనివి ఏరి టోపీలో వేసుకున్నాను. తొమ్మిదయ్యాయి.

"సర్, పార్క్‌లో ఆకు కూడా తెంపకూడదు." యూనిఫాం వేసుకున్న ఒకావిడ వెనక నిలబడి ఉంది.

క్షమించమన్నాను. తొమ్మిదీ చెట్టు కింద పెట్టించింది. "ఇవి మీకెందుకు?" అని అడిగింది.

"నా భార్యకి."

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. "మొగుళ్ళు మామూలుగా పువ్వులు తీసుకెళ్తారు."

ఊళ్ళో ఎవరి చెట్టుకైనా చేయి చాపితే ఇంటావిడ తిట్టేది, మనం నవ్వేసి ఇంకో రెండు కోసుకునేవాళ్ళం. ఇక్కడ ఎవరూ తిట్టరు. మర్యాదగా చెప్తారు. కొండ దిగేదాకా మొహం మండుతూనే ఉంది. పార్క్ కంచె బయట, రోడ్డు పక్కన ఇంకో చెట్టు కనిపించింది. అక్కడ పదకొండు దొరికాయి.

ఫాల్సమ్: గోంగూర సీసా

మొదటి రాత్రి బస శాక్రమెంటో దాటాక ఫాల్సమ్‌లో, సుధాకర్ ఇంట్లో. వరంగల్ మనిషి, నా పాత టీమ్‌మేట్. ఆయన భార్య లావణ్య, పదేళ్ళ కూతురు అనిక. ఆ వ్రతానికి వీళ్ళూ వచ్చారు.

కారు డిక్కీ చూసి సుధాకర్ మొదలుపెట్టాడు. "ఏందన్నా గీ కాయలు? లేఆఫ్ అయిందా ఏంది, కూరగాయల బండి పెడ్తున్నవా?"

"సునందకి."

"వదినకా? అట్లయితే తక్కువైనై. పెరట్ల కంచె దగ్గర పెద్ద చెట్టుంది, పా."

కంచె దగ్గర నిచ్చెన వేసుకుని ఇద్దరం ముప్ఫై కోశాం. లెక్క నలభై ఒకటి అయింది. అనిక ఒకటి తీసుకుని చెవి దగ్గర ఊపి చూసింది.

"అంకుల్, ఇందులో బేబీ ఉంటదా? లైక్, ఎగ్?"

"కాదమ్మా. కాయ."

"బట్ స్కూల్‌లో ఓక్ యాపిల్ అన్నారు. యాపిల్ అయితే తింటారు కదా. ఎవరు తింటారు?"

"ఎవరూ తినరు. మందు చేస్తారు."

నేను చెప్పినంత నమ్మకంగా అనిక వినలేదు. ఇంకోసారి ఊపి, చెవి పెట్టి, తిరిగి బుట్టలో జాగ్రత్తగా పెట్టింది. పడేయలేదు, పెట్టింది. ఆ తేడా ఇప్పుడు గుర్తొస్తోంది.

లావణ్య ఒకటి నొక్కి చూసింది. "అన్నయ్యా, ఇంకా పచ్చిగా ఉన్నాయి. డబ్బాలో పెడితే రేపటికి బూజు పట్టేస్తాయి. కాస్త ఎండ చూపించండి." తనే పాత తెల్ల పంచె తెచ్చి, వడియాలకి పరిచినట్టు పేషియో మీద పరిచింది. శాక్రమెంటో ఎండ సంగతి అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. సాయంత్రం ఆరింటికి కూడా కాంక్రీట్ మీద కాలు పెట్టలేం. మేం లోపల ఏసీలో దోసకాయ పప్పు, మజ్జిగ మిరపకాయలు వేసుకుని తిన్నాం. అవి బయట ఎండాయి.

తిన్నాక లావణ్య గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టింది. "సునందక్కకి ఇవ్వండి. సీసా మీ ఇంటిదే. వ్రతం రోజు చక్కెర పొంగలి పెట్టిచ్చారు. ఖాళీగా తిరిగివ్వకూడదని ఇన్నాళ్ళూ ఉంచేశాను."

సీసాకి ఒక పక్క సగం చిరిగిన చీటీ ఇంకా అంటుకునే ఉంది. సునంద చేతిరాత. 'సునోల్, పెద్ద చెట్టు, ఉత్తరం కొమ్మ.' మిగతాది కడగడంలో పోయింది. నేను కడగడంలో.

"ఏమైందన్నయ్యా?" అంది లావణ్య.

"కారంగా ఉందమ్మా పప్పు" అన్నాను. అదీ అబద్ధమే.

యూబా సిటీ: మాజూఫల్

రెండో రోజు పొద్దున ఉత్తరానికి బయల్దేరాను. అట్ట పెట్టె మూత తీసి, కాయలు ఎండ తగిలేలా డాష్‌బోర్డ్ మీద పెట్టాను. అద్దం మీద నుంచి దిగే వేడికి కారంతా తోలు వాసన, చేదు వాసన.

యూబా సిటీ చుట్టూ పీచ్ తోటలు, చాలావరకు పంజాబీలవి. రోడ్డు పక్క బల్ల మీద పళ్ళు పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుంది. సల్వార్ కమీజ్, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్. బుట్ట అయిదు డాలర్లు. ఫ్రీమాంట్‌లో ఆ డబ్బుకి నాలుగు కాయలు రావు. నా హిందీ విని నవ్వింది. పీచ్ ఒకటి కోసి చేతిలో పెట్టింది. మోచేతుల దాకా రసం కారింది. కడుక్కోమని గొట్టం చూపించింది.

కారులోకి తొంగిచూసి, "అరే, మాజూఫల్!" అంది. వాళ్ళ ఊళ్ళో బాలింతలకి వాడేవాళ్ళట. "బెజ్జం లేనివి ఏరావు. తెలివైనవాడివి, బేటా."

మూడు భాషల్లోనూ అది పండో కాయో. మాచికాయ, మాజూఫల్, ఓక్ యాపిల్. ఇంతమంది ముసలమ్మలు ఏరుకున్న వస్తువు గురించి నాకు అనుమానం ఎందుకొస్తుంది?

"పెళ్ళాం ఏది?" అని అడిగింది.

"ఆరెగన్‌లో పని చేస్తోంది. తీసుకురావడానికి వెళ్తున్నాను."

"వస్తానందా?"

నేను పీచ్ గింజ ఎక్కడ పారేయాలా అని చూశాను. ఆవిడ చెయ్యి చాపి తీసుకుంది.

చీకో: ఎగిరే ఆవాలు

మధ్యాహ్నం చీకోలో పార్క్ దగ్గర ఆగాను. పెద్ద పెద్ద వ్యాలీ ఓక్‌లు, కింద చీకటిగా నీడ. బల్ల మీద కూర్చుని లావణ్య కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పాను. ఎక్కడో చిటపట చప్పుడు. వాన మొదలైందేమో అనుకుని పైకి చూశాను. ఆకాశం తెల్లగా మండుతోంది.

చప్పుడు నేల మీద నుంచి. రాలిన ఎండుటాకుల మీద ఆవగింజలంత గింజలు, వేలకొద్దీ, ఎగిరెగిరి పడుతున్నాయి. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టే, నూనె లేదు, మంట లేదు. ఒకటి వచ్చి నా పులిహోరలో పడింది. అక్కడా ఎగిరింది. నేను బల్ల మీద నుంచి లేచిపోయాను.

పక్క బల్ల మీద ఒక అమెరికన్ ముసలావిడ, కాళ్ళ దగ్గర బొచ్చుకుక్క. నా అవస్థ చూసి పడీపడీ నవ్వింది.

"కరవవులే. అవి గింజలు కావు. కందిరీగ జాతిలో చిన్న చిన్న పురుగులుంటాయి. ఆకులో గుడ్డు పెట్టి పోతాయి. ఆకు దాని చుట్టూ ఇల్లు కడుతుంది. చెట్టుకి ఏం తెలుసు పాపం, తన కాయే అనుకుని పెంచుతుంది."

"మరి ఎందుకు ఎగురుతున్నాయి?"

"లోపల పిల్ల ఉంది కదా. ఎండ తగలగానే విలవిల్లాడి లోపల్నించి తన్నుతుంది. తన్ని తన్ని ఏదో పగుల్లో, నీడలో పడాలని. పడితే బతుకుతుంది. ఎండలో ఉండిపోతే చచ్చిపోతుంది." కుక్క తల నిమిరింది. "నేను రోజూ వచ్చి నీడలోకి కొన్ని తోస్తుంటాను. పిచ్చిదాన్ని అనుకుంటారు జనం."

చెప్పుతో కొన్ని నీడవైపు నేనూ తోశాను.

నా కారు అక్కడికి ఇరవై అడుగుల దూరంలో, నడి ఎండలో, అద్దాలు బిగించి ఉంది. 'నా దగ్గర పెద్దవి ఉన్నాయి, వాటిల్లోనూ ఇంతేనా?' అని అడగాలి. ప్రశ్న నోటిదాకా వచ్చింది. అడిగితే జవాబు వస్తుంది. అందుకే అడగలేదు. ఇవి గింజలు, నావి కాయలు అని నాకు నేను చెప్పుకున్నాను. ఫోన్ జేబులోనే ఉంది, చూస్తే ఒక్క నిమిషం పని. అనుమానం రెడింగ్ దాకా నాతోపాటు వచ్చింది. తర్వాత దానంతటదే దిగిపోయింది. నా అనుమానాలన్నీ నా జీవితంలో అలాగే మర్యాదగా దిగిపోతాయి.

ఆ రాత్రి బస వైరీకాలో, మోటెల్. గదిలో కాఫీ పొడి, పాల పొడి ఇచ్చారు, చెంచా ఇవ్వలేదు. పెన్‌తో కలుపుకుని తాగి, అద్దం ముందు నిలబడి, సునందకి చెప్పాల్సిన మాటలు వల్లించుకున్నాను. 'నేనే పారేశాను. రోసా కాదు.' రెండే వాక్యాలు. తెలుగులో చెప్తే రెండోది సగంలో ఆగిపోతోంది. ఇంగ్లీషులో చెప్పి చూశాను. ఆఫీస్ స్టేటస్ అప్‌డేట్‌లా ఉంది.

విలామెట్ లోయ: రండి

మూడో రోజు కనుమ ఎక్కి ఆరెగన్‌లో దిగాను. ఇక్కడ పెట్రోల్ బంకులో మనిషి వచ్చి కొడతాడు, మన దగ్గరలాగే. కాలిఫోర్నియాలో ఎవడిది వాడే కొట్టుకోవాలి. ఆ చిన్న సంగతికే ఎందుకో కళ్ళు చెమర్చాయి.

యూజీన్‌కి కొంచెం ఇవతల, మట్టిరోడ్డు చివర సునంద ఉండే చిన్న చెక్క ఇల్లు. వాకిట్లో నిలబడి ఉంది. జుట్టు కత్తిరించుకుంది. చేతులు ఎండకి నల్లబడ్డాయి. మోకాళ్ళ మీద మట్టి.

"రండి" అంది. "దారి బాగుందా మీకు?"

ఇరవై ఏళ్ళలో ఆమె నన్ను మీరు అనడం అదే మొదటిసారి. బ్యాంకులో మనిషిని అడిగినట్టు అడిగింది. నేను తడబడి, "బాగుందండీ" అనేశాను.

ఉగ్గాని చేసి పెట్టింది. అనంతపురం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలతో. బొరుగులు పోర్ట్‌లాండ్ నుంచి తెప్పించుకుంటుందట. పుస్తకాల పెట్టె లోపల పెట్టాను. గోంగూర సీసా ఇచ్చాను. చీటీ చూసింది, వేలితో ఒకసారి తడిమింది. పచ్చడి ఇంకో గిన్నెలోకి తీసి, సీసా కడగడానికి పెట్టింది.

తర్వాత ఇంటి వెనక చెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. ఇక్కడి ఓక్‌లు పొట్టివి, కొమ్మల మీద నాచు గడ్డాల్లా వేలాడుతుంది. చాలా కొమ్మలకి తెల్లటి గుడ్డ సంచులు కట్టి ఉన్నాయి.

"ఇవేంటి?"

"లోపల కాయలున్నాయి. ఏది ఎప్పుడు బయటికి వస్తుందో చూడాలి. కొన్ని ఈ ఏడే వస్తాయి. కొన్ని రెండేళ్ళు, మూడేళ్ళు లోపలే కూర్చుంటాయి. ఎందుకో ఎవరికీ సరిగా తెలీదు. వచ్చేవన్నీ ఆడవే, ఈ జాతిలో మగది ఎవరూ చూడలేదు." పని చెప్తున్నప్పుడు ఆమె మొహంలో వెలుగొచ్చింది. "ఒక్కోసారి కాయ కట్టించిన పురుగు బయటికి రాదు. దాన్ని తిని ఇంకోటి వస్తుంది. సీసాలో పెడితే ఎవరొస్తారో అదీ తమాషా. ఫ్రీమాంట్‌లో నలభై ఒకటి పెట్టుకుని అందుకే చూసేదాన్ని."

అప్పుడు కూడా ఆగి ఉండొచ్చు. కానీ మూడు రోజులు మోసుకొచ్చాను. కారు దగ్గరికెళ్ళి పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"నలభై ఒకటి. సరిగ్గా ఉన్నాయి. బెజ్జం ఉన్నది ఒక్కటీ లేదు, చూసుకో."

సునంద ఒకటి తీసుకుంది. బరువు చూసింది. ఇంకోటి తీసుకుంది. జేబులోంచి చిన్న కత్తి తీసి నడుమకి కోసింది. బెండులా గోధుమరంగు, మధ్యలో మిరియమంత గది. గదిలో తెల్లగా ఏదో ముడుచుకుపోయి ఉంది. కత్తిమొనతో తాకితే పొడిలా రాలింది. రెండోది కోసింది. అందులో కాళ్ళు, రెక్కలు కూడా ఏర్పడ్డాయి. ఇంకొన్ని వారాలైతే వచ్చేసేదట. మూడోది చేతిలోకి తీసుకుని, కోయకుండా తిరిగి పెట్టేసింది.

"ఎండకి పెట్టినావా?"

"పచ్చిగా ఉంటే బూజు పడుతుందని..."

"ఎన్ని దినాలు?"

"మూడు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు విన్నాక ఏడిస్తే బాగుండేదనిపించింది.

"మా నానమ్మ చెప్పేది, బెజ్జం లేనివే మంచివని" అన్నాను.

"మందుకి మంచివే. లోపలిది బయటికి రాకముందే కోసి చంపితేనే సారమంతా కాయలో ఉంటుంది. బెజ్జం పడటం అంటే పురుగు పట్టడం కాదప్పా. వెళ్ళిపోవడం."

గాలికి గుడ్డ సంచులు కదిలాయి. మోటెల్ అద్దం ముందు వల్లించిన రెండు వాక్యాలు అప్పుడు వచ్చాయి, వాటంతటవే. "అప్పుడు పారేసింది నేనే సునందా. రోసా కాదు."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఆ పూటే. రోసా నా సీసాలు తుడిచేది. మొదటి పురుగు బయటికి వస్తుంటే చూసింది రోసానే. నేను స్నానంలో ఉంటే తలుపు కొట్టి అరిచింది, బేబీ, బేబీ అని. ఆ మనిషి పారేస్తుందా?" కత్తి మడిచింది. "నువ్వే పారేసినావని తెలుసు. పారేసినందుకు కాదు నాకు బాధ. నువ్వు చెప్తావని చూసినాను. ఇయ్యాళ చెప్తావు, రేపు చెప్తావు అని రెండేండ్లు ఆ ఇంట్లో, రెండేండ్లు ఈడ. కండ్లు కాయలు కాసినాయి. ఇంక చూడటం చాలించినా."

ఎదురుచూసి కళ్ళు కాయలు కాచాయని మనం రోజూ అంటాం. ఆ మాటలో కాయ ఏమిటో నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఇంటికి రమ్మని అడగలేదు. అడగడానికే వెళ్ళాను, కానీ ఆ మాటకి చోటు మిగల్లేదు. పెట్టె మళ్ళీ కారులో పెట్టుకుని బయల్దేరుతుంటే సునంద కడిగిన సీసా తెచ్చి ఇచ్చింది. చీటీ మాత్రం ఒలిచి ఉంచుకున్నట్టుంది.

"ఖాళీగా ఇస్తున్నాను. ఏమీ అనుకోకండి" అంది.

ఒక్క నిమిషం ఆగి, ఒక కాగితం మీద ఫోన్ నంబర్ రాసిచ్చింది. "రోసాది. జరిగింది నేను ఆమెకి చెప్పినాను ఎప్పుడో. మీరు చెప్పలేదు."

ఆష్‌లాండ్: ఒక ఫోన్ కాల్

నాలుగో రోజు పొద్దున ఆష్‌లాండ్‌లో కాఫీ షాప్ బయట కూర్చుని ఫోన్ చేశాను. రోసా ఎత్తింది. వెనక వ్యాక్యూమ్ చప్పుడు, ఆగింది. పేరు చెప్పాను. జరిగింది చెప్పాను. క్షమించమన్నాను.

రోసా నెమ్మదిగా అంది: "మీ మెసేజ్ చూసి రెండు రోజులు ఆలోచించాను సర్. మీ ఇంట్లో ఏం పగలగొట్టానా అని. గదులన్నీ మనసులో తిరిగాను. ఒక కప్పు చెవి విరిగింది గుర్తొచ్చింది. అందుకేనేమో అనుకున్నాను."

"కాదు. మీరేమీ పగలగొట్టలేదు."

"ఓకే. నాకు పని ఉంది సర్." వ్యాక్యూమ్ మళ్ళీ మొదలైంది. ఫోన్ కట్ అయింది.

కాఫీ తాగకుండా అక్కడే పెట్టి లేచాను.

హార్న్‌బ్రుక్: పళ్ళు, కాయలు ఏమైనా?

ఆరెగన్ నుంచి కాలిఫోర్నియాలోకి దిగగానే అన్ని కార్లనూ ఆపి అడుగుతారు: మొక్కలు, పళ్ళు, కాయలు ఏమైనా ఉన్నాయా? పంటలకి తెగుళ్ళు రాకుండా. మన తెలుగువాళ్ళందరికీ ఆ ప్రశ్న తెలుసు. కరివేపాకు రెమ్మలు సీటు కింద పెట్టుకుని నవ్వుతూ "నో" అంటాం. నేనూ అన్నాను, రెండుసార్లు. పక్కన సునంద తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసేది.

ఆఫీసర్ కుర్రవాడు కాదు, నా వయసువాడే. వంగి అడిగాడు.

"ఉన్నాయి" అన్నాను. పెట్టె తెరిచి చూపించాను.

"ఏంటివి? ఫ్రూటా?"

"కాదు. కాయలంటాం, కానీ కాయలు కావు. లోపల పురుగులుండేవి. చచ్చిపోయాయి. ఎండలో పెట్టి నేనే చంపాను."

అతను నా మొహం చూశాడు. ఒకటి తీసి తిప్పి చూశాడు, ఇంకోటి. "బాగున్నాయి. ఒక్కదానికీ హోల్ లేదు. సారీ సర్, నేను వీటిని పంపలేను."

"పర్వాలేదు."

పెట్టె తీసుకుని, వెనక ఉన్న పెద్ద డబ్బా మూత ఎత్తి వంచేశాడు. ఎండినవి కదా, చప్పుడు పెద్దగా లేదు. గ్రీన్ బిన్‌లో పడ్డప్పుడు కూడా ఇలాగే ఉంది. ముప్ఫై తొమ్మిది. ఖాళీ పెట్టె తిరిగిచ్చి, పక్క సీట్లో సీసా వైపు వేలు చూపించాడు.

"అందులో?"

"ఏమీ లేదు."

"నిజం చెప్పినందుకు థాంక్స్" అన్నాడు, వెళ్ళమని చెయ్యి ఊపాడు. వెనక కార్లు ఆగి ఉన్నాయి. గేరు వేశాను. మా నానమ్మ ఉంటే ఆ డబ్బాలోకి తొంగిచూసి, మంచి కాయలు ఏరావురా అనేది.